దూసరాకుకు నిండు మునక

ఉదయగిరి దుర్గాన్ని పూర్వం ఒక మహారాజు పద్దెనిమిది నెలలపాటు ముట్టడించి వశపరచుకున్నాడని చరిత్రకారులు సగర్వంగా రాస్తారు. ఆయనకు ఏనుగులున్నాయి, కాల్బలముంది, కొండరాళ్ళు పగలగొట్టి దారి వేసే పనివాళ్ళున్నారు. అదే దుర్గం అడుగున కంపచెట్ల మీద అల్లుకునే దూసరితీగను ముట్టడించడానికి బయలుదేరిన కరుణశ్రీకి ఇవేవీ లేవు. ఆత్మకూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పే ఉద్యోగం, తిరుపాలు అనే ల్యాబ్ అటెండరు, ఎవరో లక్కీ డ్రాలో గెలిచి స్టాఫ్ రూమ్‌కు దానం చేసిన ఒక మైక్రోవేవ్ పొయ్యి: ఇదీ ఆమె సమస్త సైన్యం. ముట్టడి మొదలై నాలుగేళ్ళ పది నెలలైంది. కోట ఇంకా లొంగలేదు.

దూసరితీగ మహిమ ఆ మెట్ట ప్రాంతంలో గొర్రెలు కాసేవారందరికీ తెలుసు. గుప్పెడు పచ్చి ఆకు నీళ్ళలో పిసికి, పిప్పి తీసేసి, కాసేపు నీడన పెడితే గిన్నెలో నీళ్ళు గడ్డకట్టి పచ్చటి జున్నులా వణుకుతాయి. ఎండకు ఒళ్ళు కాలినప్పుడు దాన్ని చక్కెర కలుపుకొని తింటారు. తిన్నవారికి చలవ చేస్తుంది గనుక అది ఎందుకు గడ్డకట్టిందన్న ప్రశ్న వారిని వేధించదు. కరుణశ్రీని మాత్రం ఆరో ఏట, అవ్వ లిదియమ్మ చేతిలోని గిన్నెను మొదటిసారి చూసినప్పటినుంచీ వేధించింది. పెద్దయ్యాక ఆ జిగురుకు పాలీశాకరైడ్ అనే ఘనమైన పేరున్నదని తెలిసింది. వేల చక్కెర అణువులు చేయీ చేయీ పట్టుకొని నిలబడ్డ గొలుసు అది. ఎండాకు పొడిలోనుంచి ఆ గొలుసును తెగకుండా, త్వరగా, ఎక్కువగా బయటికి లాగాలంటే మైక్రోవేవ్ పొయ్యిని ఎన్ని వాట్ల మీద పెట్టాలి, ఎన్ని నిమిషాలు ఉంచాలి, గ్రాము పొడికి ఎంత నీరు పోయాలి? లోకకల్యాణానికి ఈ మూడు ప్రశ్నలు చాలునని ఆమె నమ్మింది. విశ్వవిద్యాలయం కూడా నమ్మి పిహెచ్‌డికి చేర్చుకుంది.

మూడు ప్రశ్నలకు మూడేసి మెట్లు పెట్టి అన్నిటినీ కలిపితే ఇరవై ఏడు ప్రయోగాలు కావాలి. గణాంకశాస్త్రం దయతలచి పదిహేడు చాలునంది. ఆ పదిహేడింటినీ ఆమె ఒక్కొక్కటిగా పూర్తిచేసింది. పొడిని నీళ్ళలో కలిపి పొయ్యిలో పెట్టడం, వడకట్టడం, వచ్చిన తేటలో మూడింతలు ఆల్కహాలు పోయడం, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచడం, తెల్లారి గాజుపాత్రలో దూదిపోగుల్లా దిగిన జిగురును ఆరబెట్టి తూయడం. పదిహేడు అంకెలనూ మింగిన కంప్యూటరు తెరమీద ఒక కొండను గీసింది. కొండకు ఒకే శిఖరం: నాలుగు వందల నలభై వాట్లు, ఐదు నిమిషాల ఇరవై సెకన్లు, గ్రాముకు ముప్పైరెండు మిల్లీలీటర్ల నీరు. అక్కడ నూరు గ్రాముల ఆకు నుంచి పదిహేను పాయింట్ ఎనిమిది గ్రాముల జిగురు వస్తుందని కంప్యూటరు జోస్యం చెప్పింది.

ఇక మిగిలింది మర్యాద కోసం చేసే పని. ఆ శిఖరం మీద మూడుసార్లు నిలబడి, జోస్యం నిజమేనని చూపితే కోట మీద జెండా ఎగురుతుంది. ఏప్రిల్ ఇరవై రెండున కరుణశ్రీ మూడుసార్లూ నిలబడి, మర్నాడు తూచింది. తొమ్మిది పాయింట్ ఒకటి. తొమ్మిది పాయింట్ మూడు. ఎనిమిది పాయింట్ తొమ్మిది.

గడువుకు వారమే ఉంది. విశ్వవిద్యాలయం అప్పటికే రెండుసార్లు గడువు పొడిగించింది. ఏప్రిల్ ముప్పై సాయంత్రం ఐదులోపు గ్రంథం చేరకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుందనీ, మూడో పొడిగింపు ఉండదనీ ఉత్తరంలో రెండుచోట్ల రాసి, రెండోచోట కింద గీత కూడా గీశారు.

పరిశోధనకు మార్గదర్శి ఆచార్య గోపాలయ్య. తొమ్మండుగురు విద్యార్థులను ఒకేసారి జ్ఞానసముద్రం దాటిస్తున్న నావికుడు కనుక ఎవరు మునుగుతున్నా ఆయన కంగారుపడరు. ఫోనులో అంకెలు విని తాపీగా నిట్టూర్చారు.

"అమ్మా, నువ్వు సిన్సియర్. అదే నీ బలం, అదే నీ జబ్బు. మోడల్ బాగుండాది, గ్రాఫు బాగుండాది. ఈ మూడంకెల కోసం ఐదేళ్ళు బూడిదలో పోస్తావా?"

"ఏం చేయమంటారు సార్?"

"రాసుకో. పదిహేను పాయింట్ మూడు. పదిహేను పాయింట్ ఆరు. పద్నాలుగు పాయింట్ ఎనిమిది. మరీ దగ్గర దగ్గరగా పెట్టబాక, చూసేవాడికి అనుమానం వస్తాది."

"ఈ అంకెలు ఎక్కణ్ణించి వచ్చినాయి సార్?"

"అనుభవం నించి."

"అనుభవానికి ఎన్ని వాట్లు పెట్టినారో కూడా చెప్పండి సార్, పద్ధతుల అధ్యాయంలో రాసుకుంటా."

ఆచార్యులకు కోపం రాలేదు. తొమ్మండుగురిలో ఒకరైనా ఇలా మాట్లాడతారని ఆయన ఎదురుచూస్తూనే ఉంటారు. మాట్లాడినప్పుడు మాత్రం చిరాకుపడతారు. "ముప్పయ్యో తేదీ, ఐదు గంటలు. ఆ తర్వాత నేను గూడా ఏం జేయలేను" అని ఫోను పెట్టేశారు.

కరుణశ్రీ నోటుబుక్కు తెరిచి తొమ్మిదులను చూస్తూ కూర్చుంది. చెయ్యి జారినందువల్ల వచ్చే తప్పు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ చూపుతుంది. ఈ మూడు అంకెలు అన్నదమ్ముల్లా ఒకచోటే నిలబడ్డాయి. ముగ్గురు సాక్షులు విడివిడిగా వచ్చి ఒకే అబద్ధం చెప్పరు. అంటే అవి నిజమే చెబుతున్నాయి, కాకపోతే తాను అడగని ప్రశ్నకు జవాబు చెబుతున్నాయి. ఆ ప్రశ్న ఏదో కనుక్కోకుండా కోట దిగువ నుంచి డేరాలు ఎత్తకూడదని ఆమె నిశ్చయించుకుంది.

మొదటి అనుమానం పొయ్యి మీదికి పోయింది. ఆ కళాశాలలో కరెంటుకు ఒక రాజ్యాంగం ఉంది. ప్రిన్సిపాల్ గారి గదిలో ఏసీ తిరుగుతున్నంతసేపూ ల్యాబ్‌లో వోల్టేజి తల వంచుకొని ఉంటుంది; నాలుగు వందల నలభై వాట్లన్న పొయ్యి మూడు వందల ఎనభైతో సరిపెట్టుకుంటుంది. ఈ రహస్యాన్ని మొదట కనిపెట్టినవాడు తిరుపాలు. ఉద్యోగ విరమణకు పదకొండు నెలల దూరంలో ఉన్న ఆ పెద్దమనిషి, ప్రతి ప్రయోగానికి ముందు పొయ్యిలో లీటరు నీళ్ళు పెట్టి, రెండు నిమిషాల్లో ఎన్ని డిగ్రీలు వేడెక్కాయో చూసి, పొయ్యి ఆరోగ్యం గోడమీది కాగితంలో రాసేవాడు. అందుకే పదిహేడు ప్రయోగాలూ ప్రిన్సిపాల్ గారు సెలవులో ఉన్నప్పుడో, ఆదివారాల్లోనో జరిగాయి. చివరి మూడింటి నాడు కూడా ఆయన ఊళ్ళో లేరు.

"పెట్టెని అనుమానించబాకమ్మా" అన్నాడు తిరుపాలు నొచ్చుకుంటూ. "నీళ్ళు పెట్టి చూసినా. ఎప్పుడూ ఎక్కే డిగ్రీలే ఎక్కినాయి. నన్నడిగితే పిప్పిలో ఉండాది మర్మం."

"పిప్పిలోనా?"

"వడగట్టిన గుడ్డ ఉతికేది ఎవురు? నేను. పదిహేడుసార్లు ఉతికినా, దులిపితే రాలిపొయ్యేది. ఈ మూడుసార్లు పిప్పి గుడ్డకి కరుచుకొని రబ్బరు మాదిరి సాగతా ఉండాది. బ్రష్షు పెట్టి గీకినా పోలా. మొన్ననే చెప్దామనుకున్నా, నువ్వు అంకెల దుఃఖంలో ఉండావని ఊరకుండినా."

గొప్ప గొప్ప ఆవిష్కరణలు ఉతికే తొట్టి దగ్గర జరగవని ఎవరన్నారు? కరుణశ్రీ లేచి సింకు దగ్గరికి వెళ్ళి గుడ్డను వేళ్ళతో సాగదీసి చూసింది. జిగురు ఆకులో లేకపోలేదు. ఆకులోనే ఉండిపోయింది. బయటికి రానివ్వకుండా ఏదో పట్టుకొని ఉంది.

చివరి మూడు ప్రయోగాలకు వాడిన కొత్త విడత పొడిని చిటికెడు గాజుపళ్ళెంలో వేసి, దానిమీద పలుచని ఆమ్లం ఒక్క చుక్క వదిలింది. ఇంటర్మీడియట్ మొదటి ఏడాది పిల్లలు చేసే పరీక్ష అది. పొడి బుస్సుమని పొంగింది.

పక్కనే పాత విడత పొడి చిటికెడు వేసి మరో చుక్క వదిలింది. ఉలుకూ పలుకూ లేదు.

"సున్నం" అంది కరుణశ్రీ.

"ఆకులోకి సున్నం యాడనించి వస్తాదమ్మా? తాంబూలమా అది?" అన్నాడు తిరుపాలు.

సున్నం ఆ గొలుసుల మధ్య దూరి ముళ్ళు బిగిస్తుంది. నీళ్ళలోకి రావలసిన జిగురు ఆకు లోపలే గట్టిపడిపోతుంది. అప్పుడు ఎన్ని వాట్లు పెట్టినా సగమే బయటికి వస్తుంది. ఇదంతా ఆమెకు క్షణంలో అర్థమైంది. తెలియనిదల్లా తిరుపాలు అడిగిన ప్రశ్నకు జవాబే. పాత విడత ఆకును ఆమే స్వయంగా కోసి, గుడ్డలో వేసి దులిపి, నీడన ఆరబెట్టింది. ఈ విడత కోతకు వచ్చిన మార్చి నెలలో పరీక్షల డ్యూటీ పడి, ఆకు కోసి పంపమని అవ్వకు ఫోను చేసి చెప్పింది. ఇరవై ఐదో తేదీ పొద్దున్నే ఆమె ఉదయగిరి బస్సెక్కింది.

లిదియమ్మ డెబ్బై ఆరేళ్ళ మనిషి. భర్త సామ్యేలు బడిపంతులుగా చేసి పోయిన తర్వాత, చర్చి సంఘంలోని స్త్రీల సమాజానికి పదకొండేళ్ళుగా పెద్ద. చర్చిలో చాపలు పరవడం నుంచి పెళ్ళి పందిట్లో అన్నం పలుకు చూడటం వరకూ ఆమె తనిఖీ కాకుండా ఏదీ సాగదు. శుభ్రత విషయంలో ఆమెకు రాజీ తెలియదు. మనవరాలు చెప్పులు విడవకముందే చెంబుతో నీళ్ళిచ్చింది.

"ఏంది పాపా, ఇంత ఎండలో బడి వచ్చినావు? పుస్తకం అయిపోయినాదా?"

"అవలేదవ్వా. నువ్వు పంపిన ఆకుని ఏం జేసినావో మొదటినించీ చెప్పు."

లిదియమ్మ ముఖం వెలిగింది. ఈ ప్రశ్న కోసం ఆమె నెలరోజులుగా కాచుకొని ఉంది. తన శ్రమను గురించి తానే చెప్పుకోవడం వినయం కాదు గనుక, ఎవరైనా అడిగేదాకా ఓపికపట్టింది.

"ఏం జేసినానా? ఆఖరి విడత, జాగర్త అవ్వా అని నువ్వు ఫోన్లో అంటివి. నేనూ బీబీజానూ పోయి రెండు గోతాలు కోసినాము. చూస్తే ఏముంది, ఆడ రోడ్డు పని జరగతా ఉండాది. కంకర లారీలు తిరిగి తిరిగి ఆకు మీద వేలి మందాన దుమ్ము. అట్టనే పంపిస్తే నీ పెద్ద సారు ఏమనుకుంటాడు? లిదియమ్మ మనవరాలు మట్టికొట్టుకున్న ఆకు తెచ్చిందనడా?"

"అందుకని?"

"కడగతామంటే ఇంట్లో ఉండేది రెండు బకెట్లు. రెండు గోతాల ఆకు బకెట్లో యాడ పడతాది? అప్పుడు దేవుడే ఆలోచన ఇచ్చినాడు. ఈస్టరుకి బాప్తిస్మాల కోసం చర్చిలో మనుషుల్ని ముంచే తొట్టికి కొత్తగా సున్నం కొట్టి నీళ్ళు నింపి ఉండినారు. పాస్టరమ్మని అడిగితే, బాప్తిస్మాలు ఆదివారం గదా, నీళ్ళు మళ్ళా మారుస్తాం, వేసుకో లిదియమ్మా అనింది. పొద్దున ఆరింటికి వేసి, మద్యానం పన్నెండుకి తీసినా. దుమ్మంతా అడుగుకి దిగిపోయినాది. ఆకు పెండ్లికూతురి మాదిరి తళతళలాడినాది."

కరుణశ్రీ చెంబు కింద పెట్టింది. ఐదేళ్ళ శాస్త్రాన్ని ఓడించిన శత్రువు ఇప్పుడు స్పష్టంగా కనిపించింది: నాలుగడుగుల లోతు, లోపల మూడు మెట్లు, కొత్త సున్నం, ఉదయగిరి బోరు నీళ్ళు. ఆ నీళ్ళలో సహజంగా ఉండే సున్నానికి తోడు గోడల సున్నమంతా ఆరు గంటలసేపు ఆకులోకి దిగింది. సున్నపు తొట్టిలో పాపాలు కడుక్కున్న ఆకు, తనలోని సారాన్ని ఇక ఎవరికీ వదలనని భీష్మించుకుంది.

"అవ్వా, కాసిని నీళ్ళు చిలకరించి ఊరుకున్నా సరిపోయేది."

లిదియమ్మ గౌరవం దెబ్బతిన్నది. "చిలకరింపు మనది గాదు పాపా. చిలకరించే సంఘాలు వేరే ఉండాయి, వాళ్ళ జోలి మనకొద్దు. మన బాప్తిస్మం నిండు మునక. ముంచితే ముంచినట్టుండాల."

కరుణశ్రీ పక్కన కూర్చొని, సున్నం ఏం చేసిందో, తొమ్మిదులు ఎలా వచ్చాయో, ముప్పయ్యో తేదీ సంగతేమిటో మెల్లగా చెప్పింది. వింటున్నకొద్దీ లిదియమ్మ చేతులు కొంగును ముడివేయడం మొదలుపెట్టాయి.

"అయితే నా చేత్తోనే చెడగొట్టినానా?"

"నువ్వు చెడగొట్టలేదవ్వా. కడగబాక అని నేను చెప్పలేదు. చెప్పేది అటుంచు, నా పుస్తకంలోనే రాసుకోలేదు."

అది నిజం. ఆకులమీద వచ్చిన పరిశోధనా పత్రాలన్నిటిలోనూ ఒకే వాక్యం ఉంటుంది: సేకరించిన ఆకులను శుభ్రపరచి, నీడన ఆరబెట్టి, పొడిచేయడమైనది. ఏ నీటితో శుభ్రపరిచారో, అసలు శుభ్రపరిచారో లేదో ఏ పండితుడూ చెప్పడు. వాక్యం ఒకరినుంచి ఒకరికి వారసత్వంగా వస్తుంది. కరుణశ్రీ కూడా దాన్ని తన గ్రంథంలో భక్తితో ప్రతిష్ఠించింది. తాను కేవలం గుడ్డలో దులిపిన ఆకును శుభ్రపరిచానని రాసింది. ఆ వాక్యాన్ని అక్షరాలా పాటించినది, చదవకుండానే, లిదియమ్మ ఒక్కతే.

"మళ్ళా కోసుకొస్తాం పద. ఇప్పుడే పోదాం" అని అవ్వ లేచింది.

"తీగలు ఎండిపోయి ఉంటాయి అవ్వా. ఉన్నా, ఆరబెట్టేదానికే ఐదారు రోజులు పడతాది. అన్ని రోజులు లేవు."

అప్పుడు ప్రహరీగోడ మీదుగా ఒక తల లేచింది. పక్కింటి బీబీజాన్. ముప్పై ఏళ్ళుగా ఆ గోడ ఇరువైపులా జరిగే ఏ సంభాషణా ఆమె ఆమోదం లేకుండా ముగియలేదు.

"ఏంది లిదియక్కా, పాపని ఏడిపిస్తా ఉండావు? ఆ రోజు నేను కోసిన ఆకు ఏమైనాదని ఎవురైనా అడిగినారా?"

"నీ ఆకు గూడా తొట్టిలో వేసినా గదే!" అంది లిదియమ్మ.

"నువ్వు వేసేదానికి ముందే నా గోతాంలో ఒక చేటెడు నేను తీసి పెట్టుకున్నా, కుంకుడుకాయల్లో కలిపి తలకి రుద్దుకునేదానికి. చేటలో చెరిగి, మంచం కింద నీడన ఆరబోసినా."

"కడిగినావా పిన్నమ్మా?" కరుణశ్రీ లేచి గోడ దగ్గరికి వచ్చింది.

"తలకి రుద్దుకునే ఆకుని కడిగేదేంది బేటీ? తలతోపాటే కడుక్కుంటాది గదా!" బీబీజాన్ ఆశ్చర్యపోయింది. "సగం వాడేసినా. మిగిలింది డబ్బాలో ఉండాది, ఇస్తా ఉండు. నా తలమీద మాత్రం ఏముండాయిలే, నాలుగు వెంట్రుకలు. అవి నీ పిహెచ్‌డి కంటే ముఖ్యమా?"

పాత బిస్కెట్ల డబ్బాలో ఎండిన దూసరాకు పెళపెళలాడుతూ ఉంది. కరుణశ్రీ ఆకులు వేళ్ళతో నలిపి వాసన చూసి, మూత బిగించి ఒళ్ళో పెట్టుకుంది. తిరుగు ప్రయాణంలో కండక్టరు డబ్బాను పైన పెట్టమన్నాడు. ఆమె వినిపించుకోలేదు.

పొడి చేసి, రంగు పోవడానికి ఆల్కహాలుతో కడిగి, ఆరబెట్టి తూస్తే ముప్పై గ్రాముల మీద ఒక్క చిటికెడు తేలింది. ఒక్కో ప్రయోగానికి పది. మూడు ప్రయోగాలకు సరిగ్గా సరిపోతుంది. తప్పుచేయడానికి ఒక్క గ్రామూ మిగలదు. ముందుగా చిటికెడు తీసి ఆమ్లపు చుక్క వదిలింది. పొంగలేదు. "మంచి సంబంధం" అన్నాడు తిరుపాలు.

ఇరవై ఏడో తేదీ పొద్దున ఏడింటికి, ప్రిన్సిపాల్ గారు రాకముందే, రెండు ప్రయోగాలు అయిపోయాయి. ఒకేరోజు మూడూ చేస్తే పొయ్యి మంచి మూడ్‌లో ఉందంటారు గనుక, మూడోది మరో రోజు చేయాలని ఆమె ముందే నిర్ణయించుకుంది. ఆ నిర్ణయమే కొంపముంచింది. ఇరవై ఎనిమిదిన తెల్లవారుజామునే కరెంటు పోయి, పదింటికి గానీ రాలేదు. పదింటికల్లా కళాశాలకు అనుబంధ హోదా తనిఖీ దస్తావేజులతో ప్రిన్సిపాల్ గారు తన గదిలో కొలువుదీరి ఉన్నారు. ఏసీ గర్జిస్తోంది. తిరుపాలు లీటరు నీళ్ళు పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు.

"మూడు వందల డెబ్బైకి మించి రావడంలే. ఒక పని జేస్తా. మెయిన్ దగ్గిరికి పొయ్యి ఏసీ ఫీజు పీకేస్తా. మళ్ళా నేనే కనిపెట్టినట్టు వచ్చి బాగుజేస్తా. పదేళ్ళుగా నా మీద ఆయనకి మంచి నమ్మకం."

నాలుగు రోజుల కిందట అంకెలు పుట్టించనన్న మనిషి, ఇప్పుడు ఫీజు ఎలా పీకిస్తుంది? కరుణశ్రీ చెయ్యి తుడుచుకొని తిన్నగా వెళ్ళి ప్రిన్సిపాల్ గారి తలుపు తట్టింది.

"సార్, మీ ఏసీ ఏడు నిమిషాలు ఆపాలి."

ఆ గదిలో ఏసీని ఆపమని ఇంతవరకు ఎవరూ అడగలేదు. ప్రిన్సిపాల్ గారు కళ్ళద్దాలు తీశారు. బయట నలభై రెండు డిగ్రీలు.

"ఎందుకు?"

ఆమె చెప్పింది. నాలుగు వందల నలభై వాట్లు, చివరి పది గ్రాములు, ఎల్లుండి ఐదు గంటలు. మిగతా పదిహేడు ప్రయోగాలు తమరు లేని రోజులు చూసి చేశామన్నది కూడా దాచలేదు.

ఆయన కొంతసేపు ఆమెవంక, కొంతసేపు ఏసీవంక చూశారు. "అంటే ఇన్నాళ్ళూ నేను సెలవు పెడితే సంతోషించే వాళ్ళలో మీరు కూడా ఉండారన్నమాట" అని రిమోటు తీసి నొక్కారు. "కానీండి. ఏడు నిమిషాలు. ఎనిమిదోది నాది."

ఐదు నిమిషాల ఇరవై సెకన్లపాటు ల్యాబ్‌లో కరుణశ్రీ గడియారాన్నే చూసింది. పొయ్యిలోని పళ్ళెం తన మహారాజ గమనంతో తిరిగింది. తిరుపాలు వోల్టుమీటరు ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. గంట మోగిన వెంటనే వరండాలోకి వచ్చి, చెమటతో తడిసిన ప్రిన్సిపాల్ గారికి నమస్కారం చేసి, "అయిపోయినాది సార్, వేసుకోండి" అన్నాడు.

ఇరవై తొమ్మిది మధ్యాహ్నం మూడోది కూడా తక్కెట్లోకి ఎక్కింది. అద్దాల తలుపులు మూసి, అంకెలు కదలడం ఆగేదాకా కరుణశ్రీ బల్లకు చెయ్యి తగలనివ్వలేదు. నూరు గ్రాముల లెక్కన పదిహేను పాయింట్ రెండు. పదిహేను పాయింట్ ఐదు. పద్నాలుగు పాయింట్ ఏడు. జోస్యానికి కంప్యూటరు ఇచ్చిన హద్దుల లోపలే మూడూ నిలబడ్డాయి.

ఆచార్య గోపాలయ్య ఫోనులో పెద్దగా నవ్వారు. "చూసినావా? వారం ముందే నేను చెప్పిన అంకెలు గాదా ఇవి? ఇంచుమించు అవే! ఊరికే ఎండలో తిరిగినావు."

"అప్పుడు మీరు చెప్పినారు సార్. ఇప్పుడు ఆకు చెప్పింది."

"సరే, సరే. ఆ తొమ్మిదులు మాత్రం తీసేయ్. ఈ మూడే పెట్టు."

"ఆరూ పెడతా సార్. ముంచిన ఆకుకి ఒక పట్టిక, ముంచనిదానికి ఒక పట్టిక. సున్నం తగిలితే ఏమవుతుందో అందులోనే తెలస్తాది. ఇంకోటి సార్. రెండో అధ్యాయంలో 'శుభ్రపరచి' అన్న మాట కొట్టేసినా. 'ఆకులను కడగలేదు, గుడ్డలో దులపడమో చేటలో చెరగడమో జరిగింది' అని రాసినా."

"కడగలేదని రాస్తావా?" ఆచార్యులు నిజంగానే కలవరపడ్డారు. "పరీక్షకులు అసహ్యించుకుంటారమ్మా!"

"అసహ్యించుకోనీండి సార్. ఇది చదివి రేపు ఎవరో చేస్తే వాళ్ళకీ పదిహేను రావాల గదా. నేను కడిగినానని రాస్తే, వాళ్ళు కడిగి, తొమ్మిది తెచ్చుకొని, ఐదేళ్ళు ఏడస్తారు."

తన యౌవనంలో ఏ ఆకు దగ్గరో ఆయనకు కూడా తెగని లెక్క ఒకటి మిగిలి ఉండవచ్చు. ఆ సంగతి ఆయన ఎన్నడూ చెప్పలేదు. చివరికి, "సంతకం పెట్టేదానికి పొద్దున పదింటికల్లా రా. బస్సు తప్పించబాక" అన్నారు.

ముప్పయ్యో తేదీ మధ్యాహ్నం మూడుంబావుకు గ్రంథం విశ్వవిద్యాలయం బల్ల మీదికి చేరింది. గుమాస్తా పేజీలు లెక్కించి, రశీదు మీద ముద్ర కొట్టాడు. కోట బురుజుల మీద భేరీలు మోగలేదు. కరుణశ్రీ మెట్లమీద కూర్చొని అవ్వకు ఫోను చేసింది.

"ఇచ్చేసినా అవ్వా."

"స్తోత్రం!" అంది లిదియమ్మ. ఆ వెంటనే గొంతు తగ్గించి, "నా ఆకు సంగతి గూడా రాసినావా? చెడిందని రాసినావా?"

"చెడిందని రాయలేదు. ఉదయగిరిలో ఆరు గంటలు సున్నపు తొట్టి నీళ్ళలో ముంచిన ఆకు అని రాసినా. నూట పన్నెండో పేజీలో దానికొక పట్టిక. నీ పేరు, బీబీజాన్ పిన్నమ్మ పేరు, తిరుపాలన్న పేరు మొదట్లో కృతజ్ఞతల పేజీలో ఉండాయి."

స్త్రీల సమాజం గురువారం కూడుతుంది. నూట పన్నెండో పేజీ అన్న మాటను లిదియమ్మ మనసులో భద్రం చేసుకుంటున్నట్టు అనిపించింది.

"మిగిలిన ఆ గోతాం ఆకు పారేసినావా?"

"ల్యాబ్‌లోనే ఉండాది. పారేయను."

"ఎందుకే, పనికిరాదంటివి గదా?"

"నిమ్మకాయ పులుపుకి సున్నం విడిపోతాదవ్వా. ఎంత పులుపు, ఎంతసేపు అనేది చూడాల. మళ్ళా పదిహేడుసార్లు."

"నిమ్మకాయలు నేను పంపిస్తా" అని లిదియమ్మ మొదలుపెట్టి, ఆగి, తన జీవితంలో తొలిసారిగా ఒక పని చేసేముందు అనుమతి అడిగింది: "కడిగి పంపేదా, కడక్కుండా పంపేదా?"